రాణీగారి మీసం

దాదర్‌లో మంగలి కొట్టు. మూగ సినిమాల్లో పదేళ్లు రాణివేషాలు కట్టిన నటుడు కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలో తన మీసం తనకే కొత్తగా ఉంది.

“ఏం రాణీగారూ, మీసం పెంచారే?”

“రాణివేషానికి నిజమైన ఆడపిల్లనే తెచ్చుకున్నారు.”

“మంచిదేగా! తండ్రి బతికుండగా మీసం తీస్తావా అని మీ నాన్నగారు మండిపడ్డారన్నారు?”

“గడప తొక్కనివ్వలేదు. మీసంతో వస్తేనే కొడుకువన్నాడు.”

“ఇంకేం, వెళ్లండి. కొసలు మెలితిప్పి పంపిస్తా.”

“వద్దు, తీసెయ్.”

“మళ్లీ వేషమా?”

“కాదు. నాన్న పోయాడని నాసిక్ నుంచి కబురొచ్చింది.”

మంగలి కత్తి పక్కన పెట్టాడు.

“అక్కడ గోదారి ఒడ్డున తీస్తారు కదండీ?”

“పదేళ్లూ వేషం కోసం నీ చేతే తీయించాను. ఆయన కోసం కూడా నువ్వే తియ్యి.”