గద్దగారికి పది!

మా ఇంట్లో నలుగురం విల్లు పట్టామంటే ఒక్క బాణం కూడా పసుపు దాటి పక్కకి పోదండీ డాక్టరు గారూ! మాలాంటి కుటుంబం ఇంకోటి ఎక్కడైనా ఉంటే చూపించండి. ఆదివారం ఆదివారం నూట నలభై నాలుగు బాణాలు. నాలుగేళ్లుగా. అన్నీ నడిమధ్య పసుపులోనే.

అంటే... స్కోరు పుస్తకంలో.

అలా చూడకండి, చెప్తున్నాగా. ఎప్పణ్ణుంచి కనపడట్లేదని మీరు మా నాన్ననడిగారు. ఆయన వారం అన్నారు. అనడమే కాదు, ఆ పుస్తకం తీసి మీ బల్ల మీద పెట్టారు. "పోయిన ఆదివారం ముప్పై మీటర్ల నుంచి పదులు కొట్టిన కన్నండీ ఇది, నెలల తరబడి పాడైపోయి ఉంటుందా?" అని మిమ్మల్నే ఎదురడిగారు. ఆయనంతే. దావా ఆయనే వేస్తారు, తీర్పూ ఆయనే చెప్తారు.

మీరు నమ్మలేదు. అందుకేగా నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి తలుపేశారు?

అర్థమైందండీ. కుడి కంటి వెనక పొర ఊడింది వారం కిందటైతే, ఇవాళే ఆ కంటికి ఆపరేషన్ చేసి అతికిస్తారు. నెలలైతే అది పోయినట్టే. అప్పుడు ముందు ఎడమ కన్ను కాపాడాలి, అదీ చిరగడం మొదలైంది. అంతేగా? అంత నెమ్మదిగా చెప్పక్కర్లేదు, నాకు చెవులు బాగానే ఉన్నాయి.

ఒక్క నిమిషం. మా సంగతి తెలిస్తేగాని ఇది మీకు అర్థం కాదు.

నాన్న లేతు మిషను మీద పనిచేస్తారు. మా బాణాల ములుకులన్నీ ఆయనే తిప్పి చేశారు. అమ్మ దర్జీ. అమ్ములపొదులు పాత పరదాగుడ్డలతో కుట్టింది, మేం మైదానంలోకి వస్తుంటే నాలుగు కిటికీలు నడిచొస్తున్నట్టుంటుంది. అక్క బస్సు నడుపుతుంది. అక్కకి అడ్డమొచ్చేది బస్సు ముందైనా బాణం ముందైనా ఉండదు, తప్పుకుంటుంది.

మాకో పద్ధతుంది. అందరం ఒకే బోర్డు మీద తలా ఆరు బాణాలూ వేసేసి విళ్లు కింద పెడతాం. ఇరవై నాలుగు బాణాలు దిగాక అంత దూరం నుంచి ఎవరిది ఎక్కడుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. దగ్గరికెళ్లి ఈకల రంగు చూడాలి. చూడ్డానికి ఒక్కరే వెళ్తారు. స్కోరు అక్కణ్ణుంచే అరిచి, బాణాలు పీకి తెస్తారు. ఇలా ఆదివారానికి ఆరుసార్లు. మిగతావాళ్లు కుర్చీల్లోంచి లేవకూడదు. లేస్తే సొంత మనుషుల్ని నమ్మనట్టు.

ఆ అరిచే ఉద్యోగం నాది. ఇంట్లో గొంతు పెద్దది నాదే మరి.

అవునండీ. పదులు ఆయన కొట్టలేదు. నేను అరిచాను.

"గద్దగారికి పది! మళ్లీ పది!" గద్దంటే నాన్నే, ఆ చూపుకి అక్క పెట్టిన పేరు. ఆయన చెయ్యెత్తి నాకు ఊపేవారు. ఆ చెయ్యి నావైపు కాకుండా పక్కనున్న గోడవైపు ఊగేది. నేను గోడ తరఫున తిరిగి ఊపేవాణ్ణి.

ఎప్పణ్ణుంచంటే... తారీఖుతో సహా తెలుసు. మార్చి రెండో ఆదివారం. ఇప్పుడు అక్టోబరు.

ఆ రోజు నాన్న ఎర్ర ఈకలు ఆరూ బోర్డు ఎడమ అంచున, గీతల బయట, ఒకే చోట గుంపుగా దిగి ఉన్నాయి. చెయ్యి వణికితే తలోదిక్కూ పోవాలి కదా? ఇవి పోలేదు. అంటే చెయ్యి కాదు, కన్ను. కుడి కన్ను గురి వదిలేస్తే ఎడమ కన్ను పట్టుకుంది. నాకా క్షణమే తెలిసిపోయింది. తెలిసే అరిచాను.

తర్వాత ఇంట్లో నీళ్లు గ్లాసు పక్కన పోశారు. "గ్లాసుకి స్నానం చేయిస్తున్నావా నాన్నా?" అన్నాను. అందరం నవ్వాం. ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు.

జూన్‌లో లేతు దగ్గర బొటనవేలు తెగింది. అమ్మ హడలిపోయి, కళ్లు చూపించుకోమంది. "నా కళ్లకేమైందే? వాణ్ణడుగు, మొన్న ఎంత కొట్టానో!" అన్నారు. అమ్మ నావైపు చూసింది. అరవైకి యాభై ఎనిమిదన్నాను. టక్కున. అమ్మ కళ్ల మాట వదిలేసి కట్టు కట్టింది.

ఏంటండీ? ఆయన మనసు నొచ్చుకుంటుందని అలా చెప్పానా?

అదే రాసుకుంటున్నారా? వద్దు, కొట్టెయ్యండి. అమ్మా అక్కా కూడా రేపు అదే అంటారు, పాపం నాన్న మీద ప్రేమ అని. అలా అంటే నేను తట్టుకోలేను.

బయట బెంచీ మీద ఆయనేం చేస్తున్నారో చూశారా? పక్కనున్న పెద్దాయనకి ఉత్త చేతుల్తో విల్లు లాగడం నేర్పుతున్నారు. వచ్చే నెల పోటీకి లేచొస్తానని చెప్తున్నారు.

ఏడు నెలలండీ. అది రాసుకోండి. ఎడమ కన్ను చూడండి ముందు. ఆయనకి మీరు చెప్తారా?... నేనే చెప్పాలా. సరే.

మరి ఎందుకు అరిచానంటే... నాన్న స్కోరు పడిపోతే ఆయన కుర్చీలో కూర్చోరండీ. పద్ధతీ లేదు ఏమీ లేదు, ఎక్కడ తప్పిందో చూద్దామని బోర్డు దాకా నడిచొచ్చేస్తారు. వస్తే ఆయనవి ఒక్కటే కాదు, అన్ని ఈకలూ చూస్తారు. మార్చిలో ఆయన కళ్లు దగ్గరివి బాగానే చూసేవి.

అమ్మదీ అక్కదీ నిజం గురి. వాళ్లవి నేనెప్పుడూ తప్పు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

నావి పది అని అరిచిన ప్రతిసారీ నాన్న చప్పట్లు కొట్టేవారు. నాలుగేళ్లలో నా బాణం నిజంగా పసుపులో దిగింది మూడంటే మూడుసార్లండీ.