నీళ్ళ పేపరు

కోవిల్‌పట్టి, 2004. మధ్యాహ్నం. విరుదునగర్ రోడ్డు మీద కాలేజీ కట్టి, దానికి తానే కరెస్పాండెంటయిన గోవిందరాజ్ ఇంటి ముందుగది. ఎదురుగా ఆయన అక్క కూతురు శివరంజని. ఆ కాలేజీలోనే బాటనీ చెబుతుంది. కొత్తగా పెట్టబోయే పర్యావరణ డిగ్రీకి మూడేళ్ళ సిలబస్ రాసుకొచ్చింది. వంటింట్లో ఆయన భార్య పొన్నమ్మాళ్. తెల్లవారితే వాళ్ళ చిన్నకూతురు కార్తీశ్వరికి పెళ్ళిస్నానం. గుమ్మానికి మామిడాకుల పచ్చ, సిలబస్‌కి ఎర్రసిరా.

"కొట్టేసినాను పాపా. గాలి పేపరు వద్దు."

"పర్యావరణం డిగ్రీలో గాలి లేకుండా ఎట్లా మామా? పిల్లలకి ఊపిరాడద్దా?"

"ఊపిరి వేరే, పేపరు వేరే. గాలి చెడింది అని చెప్పాలంటే మొదట ఏమి చూపిస్తావు? అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. అది ఎవరిది? నా తమ్ముడు మాడసామిది. చుట్టాన్ని, సొంతాన్ని సిలబస్‌లో పెట్టి తిట్టేదానికా నేను కాలేజీ కట్టింది?"

"అరవంలో సిలబస్‌ని పాడత్తిట్టం అనేది అందుకేనేమో. పాఠం నాది, 'సొంతాన్ని తిట్టం' అనేది మీది."

"నీ నోటికి ఒక డిపార్ట్‌మెంటు పెట్టొచ్చు. తర్వాతదేమి, మన్నా? అదీ వద్దు."

"మన్నేం చేసింది మామా?"

"మన్ను ఏమీ చెయ్యలేదు. పెద్దల్లుడు చేసినాడు. చెరువులో తవ్వి లారీలకి ఎత్తుతా ఉండాడు కదా."

"సరి. మన్ను పేపరు మన్నయిపోయింది. చెట్లు?"

"చెట్లు పెట్టు. పచ్చగా ఉంటాది."

"మన పక్కన చెట్లంటే సీమ కరువేలమే మామా, ఆ సర్కారు తుమ్మ. భూమిలో తడినంతా పీల్చేసి..."

"ఆగు ఆగు. దాన్ని కొట్టి బొగ్గు కాల్చేది మా చిన్నాయన కొడుకు. చెట్టూ వద్దు, బొగ్గూ వద్దు."

"మిగిలింది ఆకాశం ఒకటే."

"ఆకాశమా? తాయిల్‌పట్టిలో టపాసుల ముత్తురాజ్ బావ ఉండాడు. దీపావళికి ఆకాశం ఆయనది."

"పంచభూతాల్లో నాలుగు మీ చుట్టాలే. మీకు సొంతం కానిది ఈ చుట్టుపక్కల ఏదన్నా ఉండాదా?"

"ఏమిటికి లేదు? శ్రీవిల్లిపుత్తూరు కొండ ఉండాది. దాని గురించి ఎంతన్నా చెప్పుకో. చెడ్డగా కూడా చెప్పుకో, అడిగేవాళ్ళు లేరు."

"అయితే నాలుగో సెమిస్టర్‌లో ఆ కొండకి తీసుకుపోతాను. బస్సు కావాల."

"సిలబస్‌లోనే బస్సు ఉండాది, మళ్ళీ వేరే బస్సు ఏమిటికి? పోయినసారి జువాలజీ పిల్లలు కొండ ఉడతల్ని చూస్తామని పోయి పాల్‌కోవా తిని వచ్చినారు. రిపోర్టులో ఉడత గురించి రెండు వాక్యాలు, పాల్‌కోవా గురించి రెండు పేజీలు!"

"పాల్‌కోవా దొరికినట్టు ఉడత దొరకదు మామా."

"అందుకే చెప్తా ఉండాను. బయట ఊళ్ళు తిరిగేది వద్దు. పిల్లని ఇచ్చేది సొంతంలో, పిల్లని తెచ్చేది సొంతంలో, అప్పడాలు కొనేది కూడా సొంతంలోనే. ప్రాక్టికల్‌కి మాత్రం పరాయోళ్ళు ఏమిటికి? ప్రాక్టికల్ అంతా సొంతంలోనే. రాసుకో."

"రాసుకోమంటారా?"

"రాసుకోవే. అండర్‌లైన్ కూడా చెయ్యి."

"రంజనీ, కాఫీ తీసుకో. ఏమి చదువమ్మా అది, ఏ కాలేజీ అంటా ఉండారు?"

"ఏ కాలేజీ కాదత్తా, ఎకాలజీ. ఈ కాలేజీలోనే."

"ఏదో ఒకటి, అన్నం పెడితే సరి. ఏమండీ, నా తమ్ముడికి ఫోన్ చేసినారా? నీళ్ళ బిందెలు పొద్దుగూకేలోపల రావాల."

"వస్తాయి పొన్నూ, వస్తాయి."

"వస్తాయి వస్తాయి అంటే కాదు. మేనమామ బావి నీళ్ళు పొయ్యకుండా మన ఇంట్లో ఏ పిల్లన్నా పీటల మీద కూచుందా? నాకు మా మామ బావి. పెద్దదానికి నా తమ్ముడి బావి. రేపు కార్తీశ్వరికి ఆ నీళ్ళు పడకపోతే ఊరంతా నన్నే అడుగుతాది."

"చెప్పినాను అంటినే! నువ్వు పోయి పప్పు చూడు, మాడుతా ఉండాది."

"పప్పు ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు. తమ్ముడి దగ్గరుండే మా అమ్మ మాట అడిగినారా? చేతులు గీరుకునేది తగ్గలేదంట."

"వయసు పొన్నూ. వయసైతే గీరుకుంటారు. పో, పో."

"పోతా ఉండాను. ఏమిటికి తరుముతారు?"

"మామా, అత్త లోపలికి పోయింది కాబట్టి అడుగుతాను. గాలి కొట్టండి, మన్ను కొట్టండి. నీళ్ళ పేపరు ఒకటి వదలండి. ఈ డిగ్రీ పెట్టమని రెండేళ్ళుగా మీ వెంట పడింది దానికోసమే."

"నీళ్ళా? మొదట కొట్టింది అదే. పేజీ తిప్పు."

"నీళ్ళ పేపరుకి నీళ్ళొదిలేసినారా!"

"విరుదునగర్ పక్కన బామ్మర్ది పాండియరాజన్ షెడ్డు ఉండాది కదా పాపా. నూలుకి రంగు అద్దే షెడ్డు. నీళ్ళ పేపరంటే నువ్వు నేరుగా అక్కడికే పోతావు."

"పోతాను. షెడ్డు నీళ్ళు వాగులోకి వదిలినారు, వాగు నీళ్ళు బావిలోకి దిగినాయి. ఒక దినం ఎరుపు, ఒక దినం నీలం. ఆ ఊళ్ళో పంచాంగం అక్కరలేదు, వాగు చూసి వారం చెప్పొచ్చు."

"వాగు వేరే, బావి వేరే. పాండియరాజన్ బావి నీళ్ళు పన్నీరు మాదిరి ఉంటాయి."

"పన్నీరైతే బడిపిల్లల చేతులకి దద్దుర్లు ఏమిటికి మామా?"

"ఎండ."

"నీడపట్టున ఉండే చంటిబిడ్డలకి?"

"అదీ ఎండే. నీడలో కూడా ఎండ ఉంటాది, నువ్వు సైన్స్ చదివినావు, తెలియదా? వాడు ఆ ఊరికి ఎంత సాయం చేస్తా ఉండాడు! ఇంటికొకరికి పని ఇచ్చినాడు."

"అరవంలో సాయమంటే రంగు, మన మాటలో సాయమంటే మేలు. ఆయన రెండూ ఒకే వాగులో కలిపేసినాడు."

"చాలించు. ఎల్లుండి ఇది యూనివర్సిటీకి పోవాల. నీళ్ళు తీసేసి ఆ చోట కంప్యూటర్ పేపరు పెట్టు."

"అయితే డిగ్రీ పేరు కూడా మార్చండి. పర్యావరణం కాదు, పరువావరణం. మొదటి సెమిస్టర్ తమ్ముడి పరువు, రెండోది అల్లుడి పరువు, చివరది బామ్మర్ది పరువు. వైవా అడిగేదానికి వియ్యపురాలు వస్తారు."

"నవ్వించి పేపరు దాటించాలని చూస్తా ఉండావు."

"నవ్వేదానికి కాదు మామా. నీళ్ళు లేకుండా ఈ డిపార్ట్‌మెంటుకి నేను హెడ్‌గా ఉండను. వేరే కాలేజీకి పోతాను."

"ఏ కాలేజీ?"

"ఏ కాలేజీ అయినా సరే. బావిలో ఏముందో పిల్లలు సీసాలో పట్టి చూసే కాలేజీ."

"చూసేదానికి ఏముండాది అక్కడ? నీళ్ళు బాగుండాయి అంటా ఉండానే! నా కూతురికి రేపు పొయ్యబోయేది ఆ నీళ్ళే కదా? చెడ్డవైతే కన్నబిడ్డ నెత్తిన పోస్తానా? చెప్పు, పోస్తానా?"

"కన్నబిడ్డకైతే పొయ్యరు మామా."

"ఆ. నువ్వే ఒప్పుకున్నావు చూడు. అంతే. కొట్టేసింది కొట్టేసిందే."

"ఏమండీ, ఫోన్ మోగతా ఉండాది!"

"నేను తీస్తాను! పొన్నూ, నువ్వు తీయొద్దు, నేను..."

"తీసేసినాను. హలో... చెప్పు తమ్ముడూ. బిందెలు బయలుదేరినాయా?... ఆ... ఆ... ఏమి?... లారీ నీళ్ళా?... మన బావి ఏమయింది?... బావ చెప్పినాడా?... బావిలో చేదవద్దు, మంచినీళ్ళ లారీ దగ్గర నింపి పంపమన్నాడా?... అక్కకి తెలియకూడదన్నాడా?... సరిలే. తెలియలేదులే. ఫోన్ పెట్టు."

"పొన్నూ..."

"ఆ బిందెల్లో ఉండేది ఏ నీళ్ళు?"

"అదీ... ఏమంటే... దూరం కదా, దారిలో తొణికితే..."

"నీళ్ళు నమలకండి. ఏ నీళ్ళో చెప్పండి."

"పెళ్ళికూతురు పొన్నూ. ఒంటిమీద దద్దుర్లు లేచినాయంటే, ముహూర్తానికి..."

"ఎండ అంటిరి కదా మామా."

"నువ్వు ఊరుకో పాపా!"

"అదెందుకు ఊరుకోవాల? మా అమ్మ దినమూ ఆ బావి నీళ్ళే పోసుకుంటా ఉండాది. వయసు అంటిరి. మీ కూతురికి మాత్రం లారీ."

"ఎవరికీ చెప్పొద్దు పొన్నూ. రేపు వచ్చే చుట్టాల ముందర..."

"చెప్తాను. బిందె ఎత్తేటప్పుడే చెప్తాను. మేనమామ బావి చచ్చిపోయింది, ఇవి లారీ నీళ్ళు అని."

"అత్తా, కూచోండి..."

"కూచునేదానికి టైం లేదు. రంజనీ, ఆ నీళ్ళ పేపరు మళ్ళీ రాయి. మొదటి ప్రాక్టికల్‌కి పిల్లల్ని మా పుట్టింటికే తీసుకుపో. మీ మామ చెప్పి అండర్‌లైన్ కూడా చేయించినాడు కదా, ప్రాక్టికల్ అంతా సొంతంలోనే."