కావాలని రాసిన తప్పులు

హలో… ఆ, నేనే. మార్లిస్‌ని. మీ రూబెన్‌ని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నదాన్ని.

… బానే ఉన్నాడని ఎవరు చెప్పారు నీకు? … వాడేనా? చెబుతాడు, చెప్పక ఏం చేస్తాడు!

కాదు, నువ్వాగు డారెల్. ముందు నా మాట విను. మంగళవారం ఐస్ హాకీ ప్రాక్టీసులో ఎవడో వెనకనించి గుద్దితే మీవాడి తల వెళ్ళి రింకు చుట్టూ ఉండే అద్దానికి కొట్టుకుంది. … తెలుసా? తెలిసే అక్కడ కూర్చున్నావా!

… చిన్న దెబ్బా? నాయనా, నిన్న పొద్దున కార్న్‌ఫ్లేక్స్‌లో పాలనుకుని నారింజ రసం పోసుకున్నాడు. పోసుకుని, గిన్నెడూ తిన్నాడు. తేడా తెలీలేదు వాడికి. వంటింట్లో లైటేస్తే రెండు చేతుల్తో కళ్ళు మూసుకుంటున్నాడు—

… ఆఁ, తెలుసు. టీమ్ డాక్టరు నిన్న కంప్యూటరు మీద ఆ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాడు. సీజన్ మొదట్లో, సెప్టెంబర్లో, ఎన్ని మార్కులొచ్చాయో ఇప్పుడూ అన్నే వచ్చాయి. కాబట్టి తలకేం కాలేదు, మంచు మీదకి దిగొచ్చు… అంతేగా నువ్వనేది?

అన్నే ఎలా వచ్చాయో చెప్పమంటావా?

… ఫోన్ పెట్టెయ్యకు, విను.

నిన్న సాయంత్రం బాత్రూములో కక్కుకుంటూ వాడే చెప్పేశాడు. సెప్టెంబర్లో ఆ పరీక్షలో కావాలని తప్పులు రాయమన్నావట నువ్వు. వచ్చినవి కూడా రానట్టు. ముందే మార్కులు తక్కువుంటే, తర్వాత తలకి దెబ్బ తగిలినా తేడా కనపడదు, ఆటలోంచి తియ్యరు అని… కన్నతండ్రివి!

… అందరూ చేస్తారా? అందరూ గడ్డి తింటే నువ్వూ తింటావా?

… మేడం లేదు, గీడం లేదు. పదకొండేళ్ళుగా క్లబ్బువాళ్ళు పంపిన పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని వండిపెడుతున్నా. ఒక్క తండ్రితో గొంతు పెంచి మాట్లాడలేదు. ఇవాళ ఒళ్ళు మండిపోతోంది నాకు.

… అబ్బా, రేపటి పోటీలు ఎంత ముఖ్యమో నాకు నువ్వు చెప్పాలా? నలభై కాలేజీలవాళ్ళొస్తారు. మూడ్రోజులు కూర్చుని, కావాల్సిన కుర్రాళ్ళని ఏరుకుపోతారు. … అందుకే పంపావు, తెలుసు. మీ ఊరి బడి టీములో ఉంటే, దేశం సరిహద్దులో ఉన్న ఆ మారుమూలకి ఎవడొచ్చి చూస్తాడని. మీ బడి కోచ్ ఈ ఒక్క ఏడూ ఉంచమని బతిమాలుకున్నాడట కదా? ఐదేళ్ళప్పట్నుంచీ కలిసి ఆడిన పిల్లలు, ఆఖరి ఏడు అని. నువ్వేమో కాలేజీ సీటు ఇప్పిస్తానని డబ్బు తీసుకునే ఆ సలహాదారు మాట పట్టుకుని…

… ఏంటి? … నువ్వా? … ఊఁ. … ఊఁ.

నువ్వూ ఆ బళ్ళోనే ఆడావా? ఆ నాలుగేళ్ళూ నిన్ను చూడ్డానికి కాలేజీవాడు ఒక్కడూ రాలేదా…

… అయ్యో. అది అన్యాయమే. కాదన్ను. కానీ అందుకని వీడి తల తాకట్టు పెడతావా?

… వాణ్ణే అడగాలా? ఎందుకయ్యా అడగడం? ‘ఆడతావా’ అని నువ్వడిగితే విరిగిన కాలుతోనైనా ఆడతానంటాడు. పదిహేడేళ్ళ పిల్లాడు. నువ్వంటే ప్రాణం వాడికి, అదే వచ్చిన తంటా.

… తెలుసు, పదింటికి బస్సు. హాకీ కర్రలకి కొత్త టేపు చుట్టి, సంచీ నిన్ననే గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు.

… నన్నా? నన్ను ఎక్కించమంటున్నావా?

నీ అనుమతి కోసం ఫోన్ చేశాననుకుంటున్నట్టున్నావు. పొద్దున ఏడింటికే డాక్టరింటికి వెళ్ళి అంతా చెప్పేశాను. సెప్టెంబరు సంగతితో సహా. … అవును, నీ పేరు కూడా. వీణ్ణి బస్సెక్కించొద్దని ఆయన కోచ్‌కి చెప్పేశాడు. పదకొండింటికి ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. వాడికీ చెప్పాను.

… అరుచుకో. అరుచుకో, వింటాను.

… క్లబ్బుకి చెబుతావా? చెప్పుకో. ఇంక నాకు పిల్లల్ని పంపకపోతే మానె. నీ తాటాకు చప్పుళ్ళకి బెదిరేదాన్ని కాదు నేను.

… వాడి బతుకు నాశనం చేశానా? నేనా!

… ఉండు.

ఉండవయ్యా, బస్సొచ్చింది. … మా వీధి మలుపులోనే ఎక్కుతారు అందరూ. … వాడా? కిటికీ దగ్గర నిలబడ్డాడు, నల్లద్దాలు పెట్టుకుని. … లేదు, పరిగెత్తట్లేదు. ఊరికే చూస్తున్నాడు. … లోపల్నించి ఎవడో చెయ్యూపాడు. వీడూ ఊపాడు.

… వెళ్ళిపోయింది.

డారెల్? … ఉన్నావా?

… ఏంటీ? గట్టిగా చెప్పు. … నీమీద కోపంగా ఉన్నాడా అనా?

కోపమా! పిచ్చివాడా… పొద్దున్నించీ వాడు నన్ను ఒక్కటే అడుగుతున్నాడు. ఈ పోటీలు ఆడకపోతే మా నాన్న నన్ను ఇంటికి రానిస్తాడా, అని.

… నాకు కాదు. నాకు చెబితే ఏం లాభం?

రూబెన్… ఇలా రా నాన్నా. మెల్లిగా, మెల్లిగా. ఇదిగో, మీ నాన్న.