రేడియోల మా ఇంటి ముచ్చట

నకిరేకల్ దగ్గరి పల్లెలో, ఊరి రేడియో గది గడప దగ్గర ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె రేడియోలో మాట్లాడే మనిషి. రెండో ఆమె మేకలను వదిలేసి వచ్చింది.

“మా కొడుకు మల్లేశ్ ముచ్చట రేడియోల ఎందుకు చెప్పినవే?”

“ఎవ్వల పేరు చెప్పలే గదక్కా. మనసు బాగలేనోళ్లను బేస్తారం నాడు దవాఖానకు తోల్కరమ్మన్న.”

“నిద్రపోడు, బువ్వ ముట్టడు, గోడ దిక్కు తిరిగి పంటడంటివి. మా ఇంట్ల తొంగి చూసినవా? రేపు వానికి పిల్లనెవలిస్తరు?”

“పొద్దుగాల్నుంచి నలుగురొచ్చిన్రక్కా. నలుగురిదీ గిదే కొట్లాట.”

“ఎవలు వాళ్లు?”

“చెప్ప.”

“నా ఒక్కదాని చెవుల చెప్పు.”

“మరి నీ సంగతి రేపొచ్చేటామె చెవుల చెప్పాల్నా?”

ఆమె గడప దిగి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చింది.

“బేస్తారం ఎన్ని గంటలకు?”