ఒక్కసారే చెప్పాలట

"ఇవాళ మీకు, రేపు పోలీసులకి, ఎల్లుండి డాక్టరుకి. ఎన్నిసార్లు చెప్పిస్తారండీ నా పిల్ల చేత?"

పిల్లల సహాయ కేంద్రంలో, నా కూతురు ఒక్కతే వెళ్ళిన గది బయట, అక్కడ పనిచేసే ఆవిడని అడిగాను.

"ఒక్కసారేనమ్మా. వాళ్ళంతా పక్కగదిలోంచి వింటున్నారు."

"నేను పక్కనుంటే ధైర్యం కదా?"

"మీ మొహం చూసి సగం మింగేస్తుంది. అమ్మ ఏడుస్తుందని పిల్లల బెంగ."

"నేనేం ఏడవను."

"మరిప్పుడు చేస్తున్నదేమిటమ్మా?"

మొహం తుడుచుకున్నాను.

"మామయ్య ఒంటిమీద చేతులు వేస్తున్నాడని టీచరుకి చెప్పింది కదా. మీ తమ్ముడు ఇంకా మీ ఇంట్లోనే ఉన్నాడా?"



"ఉన్నాడండీ. పొద్దున వాడికి అన్నం పెట్టే వచ్చాను. పోలీసుల్ని నాతో పంపండి, తలుపు నేనే తీస్తాను."