బిస్కెట్ డబ్బాలో చీటీలు

...అసలు ఆ మనిషి మొహం చూడబుద్ధే కాలేదండీ బార్లో గారూ. మా పై అధికారి, కాల్వర్ట్. కుర్చీలో వెనక్కి వాలి, పళ్ళసందున అగ్గిపుల్ల పెట్టుకుని, "హిల్డా, ఆ బార్లోకి సంతాపం ఉత్తరం ఒకటి పడెయ్. ఏమీ ఒప్పుకోకుండా రాయి" అన్నాడు.

సంతాపంలో ఒప్పుకోడానికి ఏముంటుందండీ?

వద్దండీ, టీ పెట్టకండి. నిజంగానే వద్దు. మన ఊరివాళ్ళ సంగతి మీకు తెలియనిదా? చేతికి కప్పు అందిందంటే చాలు, ఇక చెప్పాల్సింది చెప్పక్కర్లేదు. వాన గురించి రెండు ముక్కలు, గులాబీల గురించి రెండు ముక్కలు, లేచి కోటు తొడుక్కోవడమే.

సరే, పోసేశారు. అక్కడ ఉండనివ్వండి. నేను ముట్టను.

నన్నెక్కడో చూసినట్టుందా? మీ ఆవిడ ఐరిస్ గారి అంత్యక్రియలప్పుడు చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చున్నాను. కానీ మీకు నా పరిచయం అంతకుముందు నుంచే ఉంది. మార్‌బెక్ మునిసిపాలిటీ నుంచి మీకొచ్చిన ఉత్తరాలన్నీ రాసింది నేను. సంతకం కాల్వర్ట్‌ది, మాటలు నావి. పంతొమ్మిదేళ్ళుగా రోడ్లూ వంతెనల విభాగంలో నా ఉద్యోగం అదే. అడిగినదానికి బదులు చెప్పకుండా జవాబు రాయడం.

నవ్వకండి. అదీ ఒక విద్యే.

నా టేబుల్ మీద ఓ బిస్కెట్ డబ్బా ఉంది. మూత మీద గుర్రబ్బండి బొమ్మ. లోపల అన్నీ చీటీలు. ఒక్కో చీటీ మీద తప్పించుకోడానికి ఒక్కో మాట. కొత్తగా చేరినవాళ్ళు కూడా నా డబ్బాలోనే చెయ్యి పెడతారు. మన ఇంగ్లీషులో వాటికి కరువా? బంతిని పొడుగు గడ్డిలోకి తన్నడం అంటాం, వెతికేవాడు విసుగెత్తి ఇంటికి పోవాలి. వేటగాళ్ళలా పొద చుట్టూ కర్రతో కొట్టడం అంటాం, పొదలోకి మాత్రం అడుగు పెట్టకూడదు. కంచె మీద కూర్చోవడం అంటాం, ఇటూ దిగకూడదు, అటూ దిగకూడదు. ఓడలవాళ్ళ దగ్గర నేర్చుకున్నది ఇంకోటుంది, రాయి కనిపిస్తే దూరంగా చుట్టి పొమ్మని. వేటగాళ్ళనీ నావికుల్నీ ఎవర్నీ వదల్లేదు, ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకొచ్చాం. అడ్డమొచ్చినదాన్ని తీసి అవతల పారెయ్యడానికి ఎన్ని మాటలున్నాయో నాకు తెలీదు. చుట్టూ తిరిగిపోయే మాటలతో మాత్రం డబ్బా మూత పట్టడం లేదు.

ఛీ. ఎంత గొప్పగా చెబుతున్నానో చూడండి, ఇప్పుడు కూడా.

మీ మొదటి ఉత్తరం రెండేళ్ళ కిందట మార్చిలో వచ్చింది. "వాగు మీది చెక్క వంతెనకి కుడివైపు రెయిలింగు పుచ్చిపోయింది. నా భార్య రోజూ వాళ్ళ అక్క ఇంటికి అటే వెళుతుంది. దయచేసి చూడండి." మూడే వాక్యాలు. వాటికి నేనొక పేజీ జవాబు రాశాను. "తమ విలువైన సూచన సంబంధిత అధికారుల పరిశీలనలో ఉన్నది" అని. ఎవరి పరిశీలనండీ? నేనూ, నా టైపు మిషనూ.

రెండో ఉత్తరంలో పుచ్చిన చెక్కముక్క పెట్టి పంపారు, బొటనవేలంత. గుర్తుందా? చేత్తో నొక్కితే పొడైపోయింది. బుట్టలో పడేసి, చెయ్యి రుమాలుకి తుడుచుకున్నాను.

మొత్తం తొమ్మిది ఉత్తరాలు. ఒక్కదాంట్లోనూ మీరు గట్టిగా ఒక మాట అనలేదు. ప్రతిదీ "మీ దయగల జవాబుకు కృతజ్ఞతలు" అనే మొదలుపెట్టారు. ఎందుకండీ అంత మర్యాద? ఒక్కసారి ఆఫీసుకొచ్చి నా టేబుల్ మీద దబదబా బాదితే మీ సొమ్మేం పోయేది? జడిసి చచ్చేదాన్ని. జడిసైనా ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కేదాన్ని.

క్షమించండి. మిమ్మల్ని అనడానికి నాకు నోరెలా వచ్చిందో.

చర్చిలో మీరు పాదరీ గారితో అంటుంటే విన్నాను. "వంతెన సంగతి ఆఫీసువాళ్ళు చూస్తున్నారులే, భయపడకుండా వెళ్ళు అని నేనే ఐరిస్‌కి చెప్పాను" అన్నారు. నా ఉత్తరం చదివి చెప్పారు కదూ ఆ మాట? రాసిన నేనే నమ్మని మాటని మీరు నమ్మి, తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టారు. వాగు పొంగిన రోజున ఆవిడ పట్టుకున్నది, విరిగి ఆవిడతోపాటే నీళ్ళలో పడిన ఆ రెయిలింగునే కాదు, నా మాటని కూడా.

వస్తున్నాను, అసలు సంగతికే వస్తున్నాను. చూశారా, ఇంతసేపూ చుట్టూనే తిరిగాను.

మీ ఉత్తరాలు ఇంజనీరుకి చేరలేదు. ఒక్కటి కూడా. ఆయన గది మా పై అంతస్తులోనే. పద్దెనిమిది మెట్లు. పైకి పంపితే ఫారాలు నింపాలి, వారం వారం ఏమైందని అడగాలి. జవాబు రాసి పారేస్తే ఆ రోజుకి టేబుల్ ఖాళీ. అందుకని అన్నీ నా సొరుగులోనే పెట్టాను. కాల్వర్ట్ చెయ్యమన్నది కాదండీ ఇది. నేనే చేశాను.

ఇంకొకటుంది. ఇది చెప్పకపోతే వచ్చి లాభం లేదు. మీకు రాసిన నాలుగో జవాబులో ఒక వాక్యం నాకెంత నచ్చిందంటే, దాన్ని చీటీ మీద ఎక్కించి డబ్బాలో వేసుకున్నాను. ఆ వాక్యం ఇంకో ముగ్గురికి పంపాం.

ఇవిగో, మీ తొమ్మిది ఉత్తరాలు. తేదీలతో మా ఆఫీసు ముద్రలున్నాయి చూడండి. ఆవిడ మరణం మీద గురువారం జరిగే విచారణలో, ఇలాంటివేవీ మాకు అందిన దాఖలా లేదని కాల్వర్ట్ చెప్పబోతున్నాడు. నన్నూ అలాగే చెప్పమన్నాడు. ఇవి విచారణ చేసే ఆ కరోనర్ గారి ముందు పెట్టండి. ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగితే నా పేరు చెప్పండి. లేచి నిలబడతాను.

ఏదో ఒకటి అనండి బార్లో గారూ. తిట్టండి. "ఫర్వాలేదమ్మా" అని మాత్రం అనకండి.

అదిగో, అనేశారు. పైగా కప్పు నా వైపు జరుపుతున్నారు.

వద్దండీ. మీరు ఆ కాగితాలు తీసుకోండి ముందు. గురువారం ఇదంతా మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలి నేను. అక్కడ ఎవరూ టీ ఇవ్వరు లెండి.