బొట్టు పెట్టిన మిషిన్

దుమ్మంటానవా అన్నా దీన్ని? జర వంగి చూడు. దుమ్మయితే ఊదితే లేవాలె. ఇది వేళ్ల మధ్యల నలిపితే పిండి లెక్క అయితాంది, తడి తాకితే నల్లగ అంటుకుంటాంది. ఒండు ఇది. మన సెల్లార్ల ఒండు. వానలప్పుడు సెల్లార్ మునిగితే మూడు దినాలు ఈ బురదను తట్టలకెత్తి బయట పోసిందే నేను, నాకు తెల్వదా?

ఇజాజ్ భాయ్ తన ట్రాలీ ఆటో ఎక్కిద్దామని వాషింగ్ మిషిన్ను అట్ల వంచిండో లేదో, గుప్పెడు కింద రాలింది. నీ షాపు మెట్ల మీదనే. ఆయన నా మొఖం చూసిండు, నేను నీ మొఖం చూసిన. నువ్వేమో ఫోన్ చూసుకుంటానవ్.

వద్దు, చాయ్ వద్దు. కూసోను కూడ. మనం మాట్లాడుకుంటమని ఇజాజ్ భాయే దూరం పోయిండు. మాట్లాడుకుందాం మరి.

పైసలు నేనింక ఇయ్యలె, నా బ్యాగులనే ఉన్నయి. కొత్తదైతే ముప్పై ఒక్క వెయ్యి ఐదు వందలు, ఓపెన్ బాక్స్ కాబట్టి పంతొమ్మిది వేలు, మన సుకన్య కాబట్టి డెలివరీ ఫ్రీ. ఈ మాటలు నీయే గదా?

ఓపెన్ బాక్స్ అంటే ఏందో నాకు నేర్పింది కూడ నువ్వే. ఎవలో డబ్బ విప్పి చూసి, రంగు నచ్చలేదనో, వంటింట్ల పట్టలేదనో వాపస్ ఇచ్చిన కొత్త సామాను. కొనేటోల్లు నాలుగు చూడాలె అన్నవ్. సీరియల్ నంబర్ బిల్లుతోని కలువాలె. వారంటీ ఇయ్యాల్టి సంది నడువాలె. పైపుల నీళ్ల మరక ఉండొద్దు. వెనుక స్క్రూలు తిప్పినట్టు ఉండొద్దు. మూడేండ్లు ఈ కౌంటర్ల నిలవడి గిరాకీలందరికి చిలుక లెక్క అప్పజెప్పిన ఆ నాలుగు.

మరి నేనెందుకు చూసుకోలేదు? చెప్పు అన్నా, నువ్వే చెప్పు.

పొద్దున నేను వచ్చేటాల్లకే మిషిన్‌కు పసుపు రాసి బొట్టు పెట్టి ఉంచినవ్. కొబ్బరికాయ నా చేతికిచ్చి కొట్టు బిడ్డా అన్నవ్. మన షాపుల పని చేసిన ఆడివిల్ల సొంత దుకాణం పెడ్తాంది, మొదటి మిషిన్ నా చేతుల మీదికెల్లి పోవాలె అన్నవ్. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బొట్టు పెట్టి కాయ కొట్టినంక ఎవలన్న స్క్రూడ్రైవర్ తీస్కొని వెనుక రేకు విప్పుతరా? మా అమ్మయితే నెల దాక ఆ బొట్టు తుడువనియ్యదు.

ఈ మూడేండ్లల్ల ఒక్క గిరాకీ మిషిన్‌కన్న నువ్వు బొట్టు పెట్టినవా? పెట్టలె. వాళ్లు ఇంటికి పోయి వాళ్లే పెట్టుకుంటరు. నాకొక్కదానికే పెట్టినవ్. ఎందుకంటే నేనైతే వెనుక విప్పి చూస్త. అది నీకు ఎర్క.

బట్టలుతికే దుకాణానికని మడికొండల షట్టర్ కిరాయికి తీసుకున్న సంగతి నీకు తెలుసు. ఐటీ పార్కు కాడ రెండు హాస్టళ్లతోని మాట్లాడుకున్న. నలభై ఆరుగురు ఆడివిల్లలు. ఒక్కొక్కలయి వారానికి మూడు కిలోలు వేసుకో, నూట ముప్పై ఎనిమిది కిలోలు. ఒక్కసారికి ఏడు కిలోలు. అంటే వారానికి ఇరవై సార్లు తిరుగాలె మిషిన్. ఒండు నీళ్లల్ల రెండు రాత్రులు నానిన మోటర్ ఎన్ని వారాలు తిరుగుతది? అది ఆగిపోతే పోనీ. పొద్దంత తడి చేతులతోని దాన్ని ముట్టేది నేను. లోపలి వైర్లు ఏ తీరుగ ఉన్నయో నీకన్న తెలుసా?

ఏందీ, పద్నాలుగు వేలకు ఇస్తవా?

అన్నా, ఐదు వందలు తగ్గించుమంటే అర్ధగంట బేరమాడేటోనివి. ఇప్పుడు నేను అడుగకముందే ఐదు వేలు దిగినవ్. దాంతోనే తెలుస్తలేదా అది ఏం మిషినో?

పన్నెండా.

అబద్ధం చెప్పను. పన్నెండు అనంగనే నా బుర్రల లెక్క తిరిగింది. ఏడు వేలు మిగులుతయి, రెండు నెలల షట్టర్ కిరాయి. మోటర్ మార్పిచ్చినా గిట్టుబాటే గదా అనిపిచ్చింది. గట్ల ఆలోచించుడు కూడ ఈడనే నేర్చిన.

వద్దు. పన్నెండుకు వద్దు, ఊరికె ఇచ్చినా వద్దు. వాపస్ లోపలికి తీస్కపో.

ఆఁ? మల్లొక్కసారి అను. "మిగిలినయి అమ్మింది నువ్వే గదా" అంటానవా?

అవును. అమ్మిన.

సెల్లార్ల మునిగినయి పద్నాలుగు. ఇన్సూరెన్స్ సారు ఫోటోలు తీసుకున్నడు, నేను పక్కన నిలవడి లిస్టు రాసిచ్చిన. అన్ని తుక్కు కింద పోయినయన్నవ్. సరే అన్న. ఇరవై దినాలకు షోరూంల ఓపెన్ బాక్స్ వరుస పెట్టినవ్. ఎప్పుడన్న నెలకు ఒకటి, రెండు వచ్చేటియి. ఆ నెల పద్నాలుగు వచ్చినయి. మొత్తం షోరూం పాలిష్ వాసన.

నాకు లెక్కలు బాగ వస్తయని నలుగురి ముంగట మెచ్చుకుంటవ్ గదా. పద్నాలుగు పోయి పద్నాలుగు వస్తే ఆ లెక్క చేసెటందుకు నాకు ఎంతసేపు వట్టాలె?

రెండో దినమే చేసిన. ఎవలతోని అనలె. నిన్ను అడుగలె. పీసుకు ఐదు వందల కమీషన్ అన్నవ్, ఎన్నడు రెండు వందలు దాటనోనివి. ఎందుకు పెంచినవని కూడ అడుగలె. ఆ పద్నాలుగుల తొమ్మిది నేనే అమ్మిన. ఈ బ్యాగుల ఉన్న పైసలల్ల అవి కూడ ఉన్నయి.

ఖిలా వరంగల్ కెల్లి తాహెరా బేగం వచ్చింది, యాదికున్నదా? కోడలు బాలింత, చంటిపిల్ల బట్టలు ఉతుకుడు ఐతలేదని. పాపం, ఆమెకు ఏం చూడాల్నో తెల్వదు. నా చెయ్యి వట్టుకొని, బేటీ, నువ్వైతే ఇది తీసుకుంటవా అని అడిగింది. కండ్లు మూసుకొని తీసుకుంట అమ్మా అన్న. గా నాలుగు ఆమెకు చెప్పనే లేదు. బిల్లు నేనే కొట్టిన. ఇజాజ్ భాయే తీస్కపోయి దించిండు. ఆ ఇల్లు ఆయనకు తెలుసు.

పోత ఇప్పుడు ఆడికే. ట్రాలీ ఎట్లాగూ వచ్చి ఉన్నది. ముందుగాల ప్లగ్గు పీకేయిమని చెప్త. తర్వాత ఆమె ఏమంటదో నాకు తెల్వదు. అనాలె కూడ.

నీ మీద ఎందుకు ఇంత కోపమని అడుగుతానవా? మోసం చేసినవని కాదు అన్నా. నువ్వు చేస్తవని నాకు ఎర్కే, ఎర్కుండే నీ పక్కన నిలవడి జీతం తీసుకున్న. నన్ను మాత్రం ఆ మోసపోయిన గిరాకీలల్ల కలుపవనుకున్న.

గంతే.